గులాబీ అక్షరాలపై విచారణ

1988 దసరా నాడు మన మండలంలో మంచినీళ్ళ ట్యాంకు ప్రారంభమైంది. అందులోకి నీళ్ళు ఎక్కడం ఒక్కటే మిగిలింది. అంత చిన్న పనికోసం శుభకార్యం ఆపడం మర్యాద కాదు కనుక, ముందుగా మండలాధ్యక్షులు శ్రీ మస్తాన్‌రావుగారి పేరును నాలుగు దిక్కులా ఎక్కించారు.

రాసినవాడు నాగూర్ వలి. పిడుగురాళ్ళ నుంచి మాచర్ల దాకా బోర్డులన్నీ అతని చేతి చలవే. అధ్యక్షులవారు ఎవరికీ లేని రంగు కావాలన్నారు. డబ్బా రంగుల్లో అలాంటిది దొరక్క, భార్య జాహెదా ఓణీలకు అద్దే గులాబి రంగును జింకు తెల్లపొడిలో కలిపి, జిగురు పోసి, నిలువెత్తు అక్షరాలు రాశాడు. కిందికి దిగి కాసేపు తన పని తానే చూసుకున్నాడు. ఇరవై ఏళ్ళలో అంత చక్కని 'మ' తన చేతి నుంచి రాలేదనుకున్నాడు.

జనవరికల్లా తూర్పు, దక్షిణం వైపుల పేరు పాలిపోయింది. పడమటి వైపు నిచ్చెన నీడన పడిన 'గారు' తప్ప ఏమీ మిగల్లేదు. ఉత్తరం వైపు మాత్రం పెళ్ళికూతురులా ఉంది. ఉత్తరాన అధ్యక్షులవారి సొంత పేట, దక్షిణాన ప్రత్యర్థుల పేట. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? నిచ్చెన దగ్గర ఒక కానిస్టేబులును కాపలా పెట్టారు. ఆయన పదిరోజులు రెప్ప వాల్చకుండా చూసి, 'శత్రువులెవరూ రాలేదు, పేరు మాత్రం పోతూనే ఉంది' అని నివేదిక సమర్పించాడు. బయటి శత్రువు లేడంటే లోపలి శత్రువు ఉన్నట్టే కదా. నాగూర్ వలి ప్రత్యర్థుల మనిషని తేల్చి, విచారణ ముగిసేదాకా అతని కుంచెల పెట్టెను మండలాఫీసు బీరువాలో భద్రపరిచారు.

చుట్టుపక్కల ఊళ్ళు అతన్ని పిలవడం మానేశాయి. జాహెదా, ఆ రంగు తనదేననీ, తననే అడగమనీ ఆఫీసు మెట్లదాకా వెళ్ళొచ్చింది. నాగూర్ వలికి పని పోయిందన్న బాధ కంటే మరో భయం పట్టుకుంది. నిజంగానే తన చేతిలో బిగువు తగ్గిందేమో. ఉండబట్టలేక నరసరావుపేట బస్సెక్కాడు. అక్కడి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే నాగభూషణరావు మాస్టారికి ఒకప్పుడు లాబొరేటరీ బోర్డు రాసిచ్చిన చనువుంది.

మాస్టారు కథంతా విని, మర్నాడే మండలాఫీసుకు వచ్చి, వరండాలో సభ తీర్చాడు. తెల్లపూత పట్టేలా కాల్చిన జింకు రేకుకు గులాబి రంగు పట్టించి, మరో ఉత్త రేకుతోపాటు ఉప్పునీళ్ళ గ్లాసులో ముంచి, తీగలు మీటరుకు తగిలించాడు. నీడలో కుదురుగా ఉన్న సూది, గ్లాసును ఎండలోకి జరపగానే పక్కకు కదిలింది. సభ్యులు చప్పట్లు కొట్టారు. దేనికో వాళ్ళకు తెలియదు.

"ఎండ తగిలితే రంగు తనలోని ఎలక్ట్రాన్‌ను జింకు పొడికి ఇచ్చేస్తుందండీ," అన్నాడు మాస్టారు. "అది తిరిగొస్తే రంగు రంగుగానే ఉంటుంది. రాకపోతే విరిగిపోయి తెల్లబడుద్ది. ఇందులో వలి తప్పేం లేదు."

"తీసుకున్నోడు తిరిగియ్యడా ఏంది?" అడిగారు అధ్యక్షులవారు.

"ఇవ్వాలనే ఉంటుంది. మధ్యలో గాలీ తేమా పట్టుకుపోతాయి."

మధ్యలో పట్టుకుపోయే ప్రసక్తి రాగానే సభ్యులు కొందరు గొంతు సవరించుకున్నారు. మస్తాన్‌రావుగారు మాత్రం మీటరు మీదికి వంగి చూశారు. మొత్తం పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందని నెమ్మదిగా అడిగారు. మన ఎండలకు నాలుగు నెలలు చాలన్నాడు మాస్టారు.

విచారణ అక్కడికక్కడే ముగిసింది. సూర్యుణ్ణి మందలించే అధికారం మండలానికి లేదని తీర్మానించి, కుంచెల పెట్టె తిరిగిచ్చేశారు. చేతిలో లోపం లేదని తేలినందుకు నాగూర్ వలి కళ్ళు తుడుచుకున్నాడు. ట్యాంకు మీద పేరును నల్ల ఎనామెల్‌తో మళ్ళీ రాయించుకున్న అధ్యక్షులవారు, 89లో ఎన్నికలు రాగానే అతన్ని పిలిపించి, వాగ్దానాలన్నీ గులాబీ రంగులోనే రాయాలని కోరారు. ఇంటింటికీ కుళాయి, బొల్లాపల్లి దాకా తారురోడ్డు, ఊరూరా ఆసుపత్రి. వారం తిరక్కుండా ప్రత్యర్థులు కూడా అదే రంగు అడిగారు. సైన్సు మన పల్నాడులో ఇంత త్వరగా జనంలోకి వెళ్ళడం అదే మొదలు.

నాగూర్ వలికి మాత్రం మనసొప్పలేదు. నూజెండ్ల దగ్గర ఒక ఊళ్ళో ధనమ్మ అనే ముసలమ్మ ఇంటి గోడ మీద కుళాయి వాగ్దానం రాయబోతూ ఆగాడు. ఆమె నీళ్ళ బిందె దించి అరుగు మీద కూర్చుంది.

"పెద్దమ్మా, ఈ రంగు నిలవదు. నాలుగు నెలల్లో పోద్ది. తెలిసే రాయిస్తన్నారు," అన్నాడు.

"పోనీలే నాయనా," అంది ధనమ్మ. "పోయినసారోళ్ళు రాసిన కుళాయి గీకలేక నా గోళ్ళు అరిగినయి. ఇదైతే దానంతటదే పోద్ది. మళ్ళా ఎలక్షన్లకి గోడ తెల్లగుంటది. రాయి, బాగా పెద్దక్షరాలు రాయి."