గోదాకు టైల్స్

ఇకమీదట తోప్పుంకడవులో ఆడపిల్ల కుస్తీ పట్టకుండా ఏ శక్తీ ఆపలేదని క్రీడల మంత్రి పద్మాక్షన్‌గారు ప్రకటించారు. అంతకుముందు ఆపిన శక్తి ఏదో ఆయన చెప్పలేదు, పత్రికలవాళ్ళు అడగనూ లేదు. రాష్ట్రంలోనే తొలి మహిళా కుస్తీ అకాడమీ ఆ ఊళ్ళో పెడుతున్నామని చెప్పి, టీ తాగి, ఆయన మరో తొలిదాన్ని ప్రకటించడానికి వెళ్ళిపోయారు.

ఈ వార్త బ్రిజితకు రొయ్యల షెడ్డులో తెలిసింది. పొద్దున రొయ్యలు ఒలవడం, సాయంత్రం పంచాయతీ స్థలంలోని ఇసుక గోదాలో గురువు లోనప్పన్ ఆశాన్ దగ్గర కుస్తీ నేర్చుకోవడం, తొమ్మిదేళ్ళుగా ఆమెకు ఇదే వరస. నిరుడు రాష్ట్ర సెలక్షన్స్‌లో ఒక్క పాయింటుతో ఓడింది. ఆ పాయింటు ఏడాదిగా గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. మళ్ళీ సెలక్షన్స్ నలభై రోజుల్లో. గెలిస్తే జాతీయ పోటీలకు వెళ్తుంది.

"మంత్రిగారు మనకో మ్యాట్ ఇప్పిస్తారేమో ఆశాన్!" అంది.

"ఇస్తే మంచిదే. ఉన్నది ఊడబెరక్కుండా ఉంటే ఇంకా మంచిది," అన్నాడు డెబ్బై దాటిన ఆశాన్.

ఆదివారం ఊరి గ్రంథాలయంలో స్వాగత సంఘం ఏర్పడింది. సభ్యులు నూటొక్క మంది. కన్వీనర్ సుగతన్. మంత్రిగారి పార్టీకి ఆ ఊళ్ళో కాలూ చెయ్యీ నోరూ ఆయనే. భోజనాల ఉపసంఘంలోకి నలభై మంది, ప్రచార ఉపసంఘంలోకి ముప్ఫై మంది ఎగబడ్డారు. కుస్తీకి ఒక ఉపసంఘం ఉండాలని ఎవరికీ తోచలేదు. బ్రిజిత చెయ్యెత్తి మ్యాట్ సంగతి అడిగింది.

"రాసుకున్నాం," అన్నాడు సుగతన్. ఎవరూ రాసుకోలేదు.

అసలు చిక్కు వేదిక దగ్గర వచ్చింది. పంచాయతీ స్థలంలో చదునుగా ఉన్నది గోదా ఒక్కటే. అందులో ఉన్నది ఇసుక. కిందటేడు పక్క ఊళ్ళో ఇలాగే ఒక మంత్రిగారి కుర్చీ ప్రసంగం మధ్యలో రెండంగుళాలు కుంగింది. దాంతోపాటు అక్కడి కన్వీనర్ పదవి కూడా కుంగిపోయింది. సుగతన్ ముందుచూపున్న మనిషి. ఆరుగురు కూలీల్ని పెట్టి రెండు రోజుల్లో గోదా అంతటా బరువైన సిమెంటు ఇంటర్‌లాక్ టైల్స్ పరిపించాడు. మొత్తం రెండు వందల నలభై.

ఆశాన్ లుంగీ ఎగ్గట్టుకుని పరుగున వచ్చాడు. "ఒరే సుగతా, ఇదేం పనిరా? దీనిమీద పడితే పిల్ల నడుం విరుగుతుంది!"

"తొమ్మిదేళ్ళు పడింది, చాలదా ఆశాన్? ఇక పడాల్సిన పనే లేదు. అభివృద్ధి అంటే అదేగా!"

"పడకుండా కుస్తీ ఏంట్రా?"

"అవన్నీ పాతకాలం మాటలు."

ప్రారంభోత్సవం వైభవంగా జరిగింది. ఫ్లెక్సీ మీద పన్నెండడుగుల మంత్రిగారు, చుట్టూ నూటొక్క తలకాయలు. బ్రిజిత ఫొటోకు చోటు చాల్లేదు. మంత్రిగారు గంభీరంగా మాట్లాడారు. "స్త్రీ శక్తి కొండల్ని పెకలిస్తుంది! స్త్రీ చెయ్యి వేస్తే కదలని రాయి లేదు!" తర్వాత బ్రిజితకు శాలువా కప్పి, రెండు ముక్కలు మాట్లాడమ్మా అని మైకు ఇచ్చారు.

ఆమె ఒక్క ముక్కే మాట్లాడింది. "గోదా ఎక్కడ సార్?"

"అద్భుతమైన ప్రశ్న!" అన్నారు మంత్రిగారు, మైకు వెనక్కి తీసుకుంటూ. "ఆడపిల్లలు ఇలా ప్రశ్నించాలనే ఈ అకాడమీ!"

చప్పట్లు ఆగలేదు. బ్రిజితకు ఏడుపు వచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి శాలువా పనికొచ్చింది.

నాలుగు రోజుల తర్వాత పెట్రోలు ధరల మీద మంత్రిగారి పార్టీ హర్తాళ్ ప్రకటించింది. కొట్లు మూశారు. పడవలు కదల్లేదు. రొయ్యల షెడ్డుకూ తాళం పడింది. ఊళ్ళో ఎవరూ పని చేయకుండా చూడడానికి సుగతన్ పొద్దున్నే కూడలిలో నిలబడి స్కూటర్లు ఆపుతున్నాడు. బ్రిజిత ఆశాన్ ఇంట్లోంచి గడ్డపార తీసుకుని గోదాకు వెళ్ళింది. మొదటి టైలు మొండికేసింది. అది లేచాక మిగతావి బుద్ధిగా లేచాయి. మధ్యాహ్నానికి ఇరవైకొకటి చొప్పున పన్నెండు దొంతరలు పేర్చి, కడుపునిండా గంజి తాగి, ఇసుకలోకి దిగింది.

మర్నాడు ఊరు గగ్గోలెత్తింది. ఎస్.ఐ. వచ్చాడు. వెనకాలే మంత్రిగారూ వచ్చారు. అందరికన్నా ఎక్కువ గాయపడినవాడు సుగతన్.

"హర్తాళ్ రోజు పని చేసిన ద్రోహి ఎవడు సార్!" అన్నాడు గద్గదంగా.

"స్త్రీ శక్తిని చూసి ఓర్వలేని దుష్టశక్తులు," అన్నారు మంత్రిగారు.

ఎస్.ఐ. కంటికి గడ్డపార కనిపించింది. అది ఆశాన్‌దని తెలిసింది. "ముసలాయనా, పద స్టేషన్‌కి," అన్నాడు.

బ్రిజిత రోజులు లెక్కేసుకుంది. సెలక్షన్స్‌కు ఇంకా పదహారు రోజులే. పోలీసు కేసు మెడకు పడితే అంతా మట్టిపాలే. కానీ తనకు నిలబడడం నేర్పిన మనిషిని జీపెక్కిస్తుంటే చూస్తూ ఎలా ఊరుకుంటుంది?

"ఆయన కాదు సార్. నేనే తీశాను."

ముందు మంత్రిగారు నవ్వారు. అది చూసి నూటొక్క మందీ నవ్వారు.

"గురుభక్తి అంటే ఇదీ!" అన్నారు మంత్రిగారు, ఆమె తల నిమిరి.

"ఆరుగురు మగాళ్ళు రెండు రోజులు కష్టపడి వేశారమ్మా," అన్నాడు ఎస్.ఐ. జాలిగా. "నువ్వొక్కదానివీ ఒక పూటలో పీకేశావా?"

"కావాలంటే చూడండి." ఆమె వంగి అయిదు టైల్స్ ఒక్కసారే ఎత్తింది.

"అయ్యయ్యో, దించు! నడుం పట్టేస్తుంది!" మంత్రిగారు కంగారుపడ్డారు. "అందుకోండయ్యా ఎవరైనా!"

నలుగురు సభ్యులు ఉరికి అందుకున్నారు. ఒకాయన నడుం అక్కడే పట్టేసింది.

పంచనామా రాయడం మొదలైంది. ముసలాయన వల్ల అయ్యే పని కాదు కాబట్టి ఆశాన్‌ను వదిలేశారు. నేరస్థులు దృఢకాయులైన మగవాళ్ళు, ఆరుగురికి తక్కువ కాదు అని ఎస్.ఐ. తేల్చాడు.

"అయితే సార్, టైల్స్ మళ్ళీ పరిపిద్దామా?" అన్నాడు సుగతన్.

"సాక్ష్యం ముట్టుకుంటే కేసు నీమీదే పెడతా. ముఠా దొరికేదాకా ఒక్క టైలు కదలడానికి వీల్లేదు. ఇసుకలో ఏం చేసుకుంటారో మీ ఇష్టం."

"ముఠా ఎప్పటికి దొరుకుతుంది బాబూ?" వినయంగా అడిగాడు ఆశాన్.

"ఇలాంటివాళ్ళు తేలిగ్గా దొరకరు. ఏళ్ళు పట్టొచ్చు."

ఆశాన్ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

పంచనామాకు సాక్షి సంతకం కావలసి వచ్చింది. బ్రిజిత కాగితం రెండుసార్లు చదివింది. నవ్వాలో, మంత్రిగారిని భుజమ్మీద వేసుకుని విసిరేయాలో ఆమెకు తేలలేదు. ఒళ్ళు మండిపోతోంది. పదహారు రోజులు గుర్తొచ్చి సంతకం పెట్టింది.

"గడ్డపార తీసుకెళ్ళనా సార్?"

"తీసుకెళ్ళు," అన్నాడు ఎస్.ఐ. పెన్ను జేబులో పెట్టుకుంటూ. "బరువుంటుంది, ఎవరైనా మగమనిషిని సాయం పిలుచుకో."