తూర్పు చివర ఇరవై జీబీ

పంచిన ఆస్తి పంచినట్టే ఉండాలన్నది లోకధర్మం. చేనుకు గట్టు, ఇంటికి గోడ, హార్డ్ డిస్కుకు గీత. ఒకసారి పడిన గీతను జరపాలంటే ముందు పెద్దల అనుమతి కావాలి. పెద్దలకు కంప్యూటర్ తెలియకపోవడం ఇందుకు అడ్డంకి కాదు, అదే అర్హత.

తిరువాలంగాడు పక్క పల్లెలో రామానుజం గారింటి ల్యాప్‌టాప్‌లో అలాంటి గీత ఒకటి ఉంది. చిన్నకొడుకు విమల్ ప్లస్ టూ చదివేటప్పుడు బడిలో సర్కారు ఉచితంగా ఇచ్చిన ల్యాప్‌టాప్ అది. అందులో ఎడమ పక్క విండోస్, కుడి పక్క లినక్స్. తెరవగానే ఏ పక్కకు పోవాలని అడుగుతుంది. పది సెకన్లలో చెప్పకపోతే తనంతట తానే లినక్స్‌కు పోతుంది. ఇంటి ఒప్పందం ప్రకారం లినక్స్ విమల్‌ది, విండోస్ ఇంటివాళ్ళది. ఇంటివాళ్ళంటే పెద్దకోడలు జ్యోతిక. విమల్ తిరువళ్ళూరు దగ్గర కంపెనీలో పనిచేస్తాడు. ఆదివారం వచ్చి, తన పక్క తెరిచి, అది ఉందని చూసుకుని, మూసేసి పోతాడు.

జ్యోతిక ప్లస్ వన్‌తో చదువు మానేసింది. ల్యాప్‌టాపులు ఇచ్చేది ప్లస్ టూలో. (ఏర్పాటులో లోపమేమీ లేదు, పెళ్ళే ఒక ఏడాది ముందు జరిగింది.) ఇప్పుడు ప్రైవేటుగా ప్లస్ టూ పరీక్షకు కట్టింది. తిరుత్తణిలో ట్యూషన్ చెప్పే వళ్ళియమ్మ టీచరు పాఠాల వీడియోలన్నీ పెన్ డ్రైవ్‌లో వేసిచ్చింది. పద్దెనిమిది జీబీ. సోమవారం పొద్దున్నే దాన్ని తిరిగి ఇచ్చేయాలి; ఇంకొక అమ్మాయి కాచుకుని ఉంది. (కొత్త పెన్ డ్రైవ్ కొనుక్కోవచ్చు గదా అంటే, ఇంట్లో విమల్ పక్క మూడు వందల జీబీ బీడు పెట్టుకుని బయట కొనడమేమిటని మామగారి వాదన.)

విండోస్‌లో చోటు లేదు. అక్కడ తనుశ్రీ ఉంది. నాలుగేళ్ళ కూతురు బోర్లా పడిన వీడియోలు, నడిచిన వీడియోలు, అన్నిటికన్నా ఎక్కువగా దగ్గిన వీడియోలు. దగ్గులే నూట పదిహేడు. డాక్టరును చూడగానే దగ్గు ఆపేసే బిడ్డ కాబట్టి సాక్ష్యం ఉండాలి. పొడి దగ్గుకు ఒక ఫోల్డరు, కఫం దగ్గుకు ఒకటి, ఏదో తేలనిదానికి ఇంకొకటి. ఇవి తుడిచేయమని భర్త యువరాజ్ ఒకే ఒకసారి అన్నాడు. ఆ సాయంత్రమే బిడ్డ దగ్గింది. అప్పటినుంచి ఆ ఇంట్లో దగ్గు అని పేరున్న దేన్నీ ఎవరూ ముట్టుకోరు.

ఆదివారం జ్యోతిక అడిగింది. "విమలూ, నీ పక్క అంతా ఖాళీగానే ఉండాది గదా. ఒక ఇరవై జీబీ ఇస్తివంటే నా పాఠాలు పట్టిపోతాయి."

"దాందేముంది వొదినా, గీత జరిపితే సరి. చిన్న పని."

ఇదే అతను చేసిన తప్పు. వసారాలో రామానుజం విన్నాడు.

"గట్టు జరిపేది చిన్న పనా? ఎవుడ్రా చెప్పింది నీకు?"

గంటలో హార్డ్ డిస్కు హద్దుల సర్దుబాటు సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు రామానుజం. సాంకేతిక సలహాదారు గోవిందస్వామి. ముప్పై ఏళ్ళు పొలాలు కొలిచి రిటైరైన సర్వేయరు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని తెర వైపు చూశాడు.

"ఉత్తరం యాడ?"

ఎవరికీ తెలియలేదు. తెర పై అంచే ఉత్తరమని తీర్మానించారు. అప్పుడు విండోస్ పడమర, లినక్స్ తూర్పు.

"వాటాదార్లు ఎంతమంది?"

"నాలుగు వాటాలయ్యా," అన్నాడు విమల్. "పడమటి చివర రెండు చిన్నవి ల్యాప్‌టాప్ చేసిన కంపెనీవోళ్ళవి. పాతకాలం డిస్కు, నాలుక్కి మించి రాయలేము."

"మంచి చట్టం," అన్నాడు గోవిందస్వామి. ఆయన అన్నదమ్ములు ఏడుగురు.

"గీత పక్కనే ఇస్తే నాకు కలిసొస్తుంది మామా," అంది జ్యోతిక.

"ఏమ్మా, గట్టు పక్క నేల ఎవురన్నా ఇస్తారా? ఇచ్చేటోళ్ళు చివరి కయ్య ఇస్తారు. మా తాత కాలం నుంచీ అంతే," అన్నాడు రామానుజం.

నిజమే. ఆ వంశంలో ఎవరు ఎవరికి ఏమిచ్చినా కాలవ నీళ్ళు ఎక్కని చివరి కయ్యే ఇచ్చారు. విమల్‌కూ అదే నచ్చింది. చివర కోస్తే పది నిమిషాలు. గీత పక్క కోస్తే లోపలిదంతా జరపాలి, గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే గోవిందా. కాబట్టి తూర్పు చివర ఇరవై జీబీ కోశాడు.

విండోస్ తెరిచి చూస్తే ఆ ఇరవై జీబీ కనిపిస్తూనే ఉంది. అందదు. మధ్యలో లినక్స్ పడుకుని ఉంది.

"దారి హక్కు రాయిద్దాం," అన్నాడు గోవిందస్వామి.

"దీంట్లో దారి ఉండదయ్యా."

"అట్లయితే విడిగా ఒక వాటా చేసెయ్."

"అయిదోది కుదరదు. మీరే మంచి చట్టమన్నారు గదా."

"పోనీ, నీలోనే కలిపేసుకో."

"ఇచ్చినది ఎనక్కి తీసుకుంటే వంశానికి మంచిది కాదు," అని రామానుజం అడ్డుపడ్డాడు.

చివరికి ఆ ఇరవై జీబీని పోరంబోకుగా ప్రకటించి, తనుశ్రీ ప్లస్ టూకు వచ్చేదాకా భద్రంగా ఉంచాలని కాగితం రాశారు. ముగ్గురు సంతకాలు పెట్టారు. (జ్యోతిక సంతకం అక్కర్లేదన్నారు. కాఫీ ఇస్తే చాలన్నారు.)

పోతూ పోతూ గోవిందస్వామి ఆమెను ఓదార్చాడు. "బాధపడొద్దమ్మా. ఇంకొకరి బీడుని పన్నెండేళ్ళు ఎవురూ అడక్కుండా సాగు చేసుకుంటే, అది సాగు చేసినోళ్ళదే. ఇట్లాంటివి నేనెన్ని చూసినానో."

సాయంత్రం విమల్ రైలెక్కాడు. జ్యోతిక ల్యాప్‌టాప్ తెరిచింది. ఏ పక్కకు పోవాలని అది అడిగింది. ఆమె తనుశ్రీకి పెరుగన్నం ముద్ద పెట్టింది. పది సెకన్లయ్యాయి. అదే లినక్స్‌కు పోయింది. పాస్‌వర్డ్ కూడా అడగలేదు. (ముట్టుకునేవాళ్ళెవరని విమల్ పెట్టలేదు.) పద్దెనిమిది జీబీ పాఠాలూ అక్కడికి ఎక్కించి, ఆ ఫోల్డరుకు 'దగ్గు 118' అని పేరు పెట్టింది. సోమవారం పొద్దున పెన్ డ్రైవ్ తిరుత్తణి బస్సెక్కింది.

విమల్ ఇప్పటికీ ప్రతి ఆదివారం వస్తాడు. తన పక్క తెరిచి, అది ఉందని చూసుకుని, మూసేసి పోతాడు. అభ్యంతరమేదీ చెప్పలేదు. జ్యోతిక క్యాలెండరులో తేదీ గుర్తుపెట్టుకుంది. ఇంకా పదకొండేళ్ళ పది నెలలు.