డేగకన్ను, మొండి సెట్టింగు

"ఈ లోకంలో నేరస్థులు హాయిగా నిద్రపోతున్నారంటే, నేనింకా రంగంలోకి దిగలేదని అర్థం!" అని ప్రకటించాడు మామయ్య, మెడలో టేపు సర్దుకుంటూ.

ఆయన వృత్తి బట్టలు కుట్టడం. అపరాధ పరిశోధన మాత్రం వృత్తి కాదు, అవతారం. ఆ అవతారానికి డేగకన్ను అని పేరు కూడా తనే పెట్టుకున్నాడు.

మేనకోడలు కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. ఆమె బస్సుల కంపెనీలో ప్రోగ్రామర్. నల్లటి తెర మీద ఆమె ఒక కమాండ్ టైపు చేస్తే, ఆమె రాసిన ఎక్స్‌టెన్షన్ అనే చిన్న ప్రోగ్రాము సెట్టింగ్స్ ఫైలు చూసుకుని, బస్సుల వేళల్ని స్టాపుల్లోని బోర్డులకు పంపుతుంది. ఫైల్లో ఏ వేళలు పంపాలో చెప్పేచోట 'పాత' తీసేసి 'కొత్త' అని మార్చి పొద్దుట్నుంచి పంపుతోంది. బోర్డులు మాత్రం పాత వేళలే చూపిస్తున్నాయి. జనం వెళ్లిపోయిన బస్సుల కోసం నిలబడుతున్నారు. మధ్యాహ్నంలోగా సరిచెయ్యకపోతే బోర్డులు పీకించి సుద్దముక్కతో రాయిస్తానని మేనేజరు తేల్చేశాడు. అంటే ఆమె ఉద్యోగం కూడా సుద్దముక్కే.

"నువ్వు రాస్తున్నావు, ఎవడో చెరిపేస్తున్నాడు," అన్నాడు మామయ్య గొంతు తగ్గించి.

"ఎవరూ చెరపట్లేదు మామయ్యా. ఫైలు తెరిస్తే 'కొత్త' అనే ఉంటోంది."

"అదే వాడి తెలివి! నువ్వు చూస్తే ఉంటుంది, యంత్రం చూస్తే ఉండదు. ఇంట్లోకి ఎవరెవరు వస్తారు?"

"నువ్వొక్కడివే."

మామయ్య కాసేపు తనని తాను అనుమానించుకున్నాడు. ఆధారాలు చాలక వదిలేశాడు.

ఆమె ఫైలు పేరు సగం టైపు చేసి, మంచినీళ్ల కోసం లేచింది. ఇదే అదనని డేగకన్ను జేబులోంచి పౌడరు డబ్బా తీసి కీబోర్డంతా చల్లాడు.

"మామయ్యా! ఏంటది?"

"వేలిముద్రలు."

"అన్నీ నావే ఉంటాయి. ముందు తుడువు!"

ఆయన కంగారుగా అంగీ కొనతో తుడిచాడు. ఆ తుడుపులో, సగం రాసిన పేరుతో మొదలయ్యే ఫైళ్లన్నీ చూపించే ట్యాబ్ మీట రెండుసార్లు నొక్కుకుంది. తెర మీద రెండు పేర్లు పక్కపక్కన ప్రత్యక్షమయ్యాయి. ఒకటి 'సెట్టింగ్స్'. రెండోది కూడా 'సెట్టింగ్సే', కాకపోతే చివర చుక్క పెట్టి 'టీఎక్స్‌టీ' అని ఉంది.

ఆమె గ్లాసు పక్కన పెట్టి తెర మీదకి వంగింది. ఫైళ్లు దిద్దడానికి నిన్న పెట్టుకున్న కొత్త ఎడిటర్, అడక్కుండానే పేరుకు తోక తగిలించి వేరే ఫైలుగా సేవ్ చేసింది. ఆమె దాన్నే దిద్దుతోంది. ఎక్స్‌టెన్షన్ మాత్రం తోక లేని పాతదాన్నే చదువుకుంటోంది. ఆమె పాతదాన్ని తీసేసి, కొత్తదాని తోక కత్తిరించి, కమాండ్ నడిపింది.

కాసేపటికి ఫోన్ మోగింది. ఆమె చేతులకు పౌడరు అంటుకుని ఉండటంతో మామయ్య ఎత్తాడు.

"బోర్డులు సరిగ్గా చూపిస్తున్నాయి," అన్నాడు మేనేజరు. "ఏమైందట?"

"కవలలండీ," అన్నాడు డేగకన్ను గంభీరంగా. "ఒకడికి తోక ఉంది. కోసేశాం. పెద్దవాణ్ణి లేపేశాం. ఇప్పుడంతా ప్రశాంతం."

మేనేజరు ఆచితూచి అడిగాడు.

"మీరు... డాక్టరుగారా?"

"కాదండీ," అన్నాడు మామయ్య వినయంగా. "టైలర్‌ని."