చావు బీరులో తేనె

ఆ నార్వే లోయలో మనిషి పోతే, అతని ఇంట్లో కాచిన బీరు తాగి గానీ జనం కదలరు. బీరు పొంగిందా, పోయినవాడు మహానుభావుడు. చప్పగా ఉందా, ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. పొరుగింటి స్టైనార్ పోయినప్పుడు గ్లాసు మీద నురగే లేదని ఊరంతా టముకు వేసింది మన హల్వరే.

ఆ హల్వర్‌కు ఇప్పుడు డాక్టరు, మంచు పడేదాకా ఉండడం కష్టమన్నాడు. ఆ మాట పెళ్ళాం రాగ్నకు చెప్పడానికి ధైర్యం చాల్లేదు. బీరు కాచడానికి మాత్రం చాలింది.

"ఇప్పుడెందుకయ్యా ఈ బీరు?" అంది రాగ్న, సీసాలు కడుగుతూ.

"క్రిస్మస్‌కే."

"మరి సీసాల్లోకి పంచదారేమిటి? తేనె పోయవూ?"

సీసాలో వేసిన తీపిని తినే ఈస్టు నురగ పుట్టిస్తుంది. పంచదారైతే గబగబా తినేస్తుంది, తేనైతే తీరిగ్గా తింటుంది. హల్వర్‌కు లేనిది ఆ తీరికే.

"తేనె నాకు పడట్లేదు."

"పంచదార పోసేవాళ్ళని ఇన్నేళ్ళూ బద్ధకస్తులని తిట్టావు!"

"మనిషన్నాక మారడా?"

"నువ్వా? చొక్కా మార్చుకోమంటేనే పోట్లాడతావు."

బదులిచ్చేలోగా దగ్గు తెర ముంచుకొచ్చింది. గడ్డి దుమ్మని గొణిగి, పంచదార పాకం పొయ్యి మీదే వదిలి, కాసేపు బయట బల్ల మీద కూలబడ్డాడు. తేరుకుని వచ్చి సీసాలు నింపి మూతలు బిగించాడు. జబ్బు ముక్కును ముందే చంపేసింది కాబట్టి ఏ వాసనా తెలియలేదు.

ఆకులు రాలుతున్నాయి. రాగ్న గొర్రెల దగ్గరికి వెళ్ళింది చూసి ఒక సీసా తెరిచాడు. బుస్సుమనలేదు. గ్లాసులో పోస్తే ఒక్క బుడగ లేదు. దీనికంటే స్టైనార్ బీరే నయం. డాక్టరు మాటకు పుట్టని భయం ఇప్పుడు పుట్టింది.

"పొంగలేదా?" గుమ్మంలో రాగ్న.

"ఏం చేశావే?"

"నీ పాకం ఆవు తాగింది. గిన్నెలో తేనె నీళ్ళు పెట్టాను. క్రిస్మస్‌కి గానీ పొంగదు."

"రాగ్నా, అప్పటికి నేను..."

"తెలుసు. పంచదార అన్న రోజే తెలిసింది. పుట్టి బుద్ధెరిగాక నువ్వు తొందరపడ్డది అదొక్కసారే." ఆమె సీసా మూత మళ్ళీ బిగించింది. "నాతో చెప్పకుండానే పోదామనుకున్నావు."

"చెబితే ఏడుస్తావని."

"ఇప్పుడు నవ్వుతున్నానా?"

ఇన్నేళ్ళ కాపురంలో అంత సిగ్గు హల్వర్ ఎప్పుడూ పడలేదు.

రాగ్న కళ్ళు తుడుచుకుంది. "ముందే పోతావా, నీ ఇష్టం. ఈ చప్పదే అందరికీ పోస్తాను. మొదటి గ్లాసు స్టైనార్ పెళ్ళానికి."

హల్వర్ గ్లాసు పక్కకు నెట్టాడు.

"డాక్టరిచ్చిన మందు ముట్టకుండా కట్టెల పెట్టెలో దాచాను," అన్నాడు తలొంచుకుని. "ఒక చెంచా తెచ్చిపెట్టు."