గోడ మీద దాళ్వా

మున్సిపల్ ఛైర్మన్ గణేష్‌బాబు గారు సింగపూర్ అధ్యయన యాత్ర నుంచి ఉత్త చేతులతో తిరిగి రాలేదు. వచ్చిన మర్నాడే విలేకరుల్ని పిలిచి, కాఫీలిప్పించి, "డెల్టాలో మొట్టమొదటి గ్రీన్ వాల్ మన ఆఫీసు గోడ మీదే రాబోతోంది" అని ప్రకటించారు. నేల మీద మొక్కలు ఎవడైనా పెంచుతాడనీ, గోడ మీద పెంచాలంటే దూరదృష్టి కావాలనీ సెలవిచ్చారు. ఆఫీసు ముందు నేలంతా ఖాళీగానే ఉంది. అంతటి దూరదృష్టికి దగ్గరున్న నేల కనపడకపోవడం సహజమే.

పార్కుల సూపర్‌వైజర్ విజయ్ పాల్‌కి ఆ గోడ అప్పజెప్పారు. ఇనప చట్రం బిగించి, దానికి వరసగా గుడ్డసంచులు కట్టి, కడియం నర్సరీల నుంచి లారీలో తెచ్చిన మొక్కల్ని వాటిలో నాటించాడు. కాలవలో మోటారు పెట్టి గోడకి గొట్టాలు వేశారు. నెలాఖరుకి మంత్రిగారొచ్చి ప్రారంభిస్తారు. గోడ నచ్చితే గణేష్‌బాబు గారికి ఎమ్మెల్యే టిక్కెట్టు ఖాయమని పార్టీలో అనుకుంటున్నారు.

విజయ్ పాల్‌కి మంత్రిగారితో వేరే పనుంది. వాళ్ల చేలు కాలవ శివారున ఉన్నాయి. ఈసారి రెండో పంటకి, దాళ్వాకి, అక్కడిదాకా చుక్క నీరు రాలేదు. వాళ్ల నాన్న ముసలయ్య చెరువులోంచి కావిడితో నీళ్లు మోసి ఆకుమడి పోశాడు. నారు బాగానే ఎదిగింది గానీ, ఊడుద్దామంటే చేలు బీటలు తీసి ఉన్నాయి. ఆదివారం చర్చిలో ముసలయ్య ప్రార్థనంతా కాలవ గురించే.

"గోడ పచ్చగా ఉంచు. మీ నాన్నని మంత్రిగారి ముందు నేను నిలబెడతాను" అన్నారు గణేష్‌బాబు గారు.

పది రోజులు తిరక్కుండానే ఆకులు పండటం మొదలెట్టాయి. విజయ్ పాల్ ఒక సంచిలోంచి మొక్క పీకి చూశాడు. వేర్లు గోధుమరంగుకి తిరిగి, మెత్తబడి, మురుగు వాసనేస్తున్నాయి.

"వేరుకుళ్లండి. నీళ్లెక్కువయ్యాయి. మోటారు ఆపి, కుళ్లినవి తీసేసి మందు పోస్తే మిగతావి దక్కుతాయండి."

"నీళ్లెక్కువవడం ఏంటయ్యా! తాతల నాటి నుంచీ వరి పండిస్తున్నాం. నీళ్లలో నిలబడి ఏ పైరన్నా చచ్చిందా? ఆకు పండితే యూరియా చల్లాలి. అది మా పాలేరుక్కూడా తెలుసు."

అని ఊరుకునే మనిషి కారాయన. పంచె ఎగ్గట్టి, తట్ట చంకన పెట్టుకుని, చేలో చల్లినట్టే గోడకి యూరియా చల్లారు. కొంత గోడకి అందింది. మిగతాది పక్కనున్న కమిషనర్ గారి నెత్తిన రాలింది. ఆయన చప్పట్లు కొట్టారు.

ఆకుల అంచులు మాడిపోయాయి. ఆపైన కొమ్మల నిండా తెల్లగా, దూదిలా ఏదో పట్టింది.

"పూతొచ్చిందయ్యా!" అన్నారు గణేష్‌బాబు గారు.

"పిండినల్లండి. పురుగు. సబ్బునీళ్లు కొట్టాలండి."

"మంత్రిగారొచ్చేదాకా పూతే."

మర్నాడు పేపర్లో 'పూతకొచ్చిన పచ్చగోడ' అని ఫోటోతో సహా పడింది.

మంత్రిగారు రేపొస్తారనగా గోడ ఎండుగడ్డి రంగుకొచ్చింది. గణేష్‌బాబు గారు కారేసుకుని ఊరి పొలిమేరలన్నీ తిరిగారు. బీటల చేల మధ్య ఒక్కచోట, చాపంత మేర, కళ్లు చెదిరేలా పచ్చగా కనపడింది. ముసలయ్య ఆకుమడి.

"నారు పీకిచ్చేస్తే రేపు ఊడవడానికేముంటుందండీ?" అన్నాడు ముసలయ్య.

"నీళ్లొస్తేగా ఊడ్చేది? ఆ నీళ్లు అడగడానికేగా మంత్రిగారు కావాలి? ప్రారంభం అవగానే నీ కట్టలు నీకే."

న్యాయంగానే ఉందనిపించింది ముసలయ్యకి. విజయ్ పాల్ తండ్రితో పాటు మడిలోకి దిగి నారు పీకి కట్టలు కట్టాడు. సాయంత్రానికి ఊడ్పు కూలీలు నిచ్చెనలెక్కి, ఎండిన మొక్కలు పీకేసి, సంచుల్లో నారు నాటి గోడని ఊడ్చేశారు. పుట్టి బుద్ధెరిగాక నడుం వంచకుండా ఊడవడం ఇదే మొదలని నవ్వుకున్నారు.

మంత్రిగారొచ్చి రిబ్బను కత్తిరించారు. గోడ నిగనిగలాడిపోతోంది. గణేష్‌బాబు గారు మాట తప్పే మనిషి కారు. ముసలయ్యని చెయ్యిపట్టి ముందుకు తెచ్చారు.

"బాబూ, కాలవ శివారుకి నీళ్లు రావట్లేదండి. చేలు బీటలు తీశాయండి. తమరు దయ చూడకపోతే దాళ్వా పోద్దండి."

మంత్రిగారు ముసలయ్యని చూశారు. గోడని చూశారు. మళ్లీ ముసలయ్యని చూశారు.

"ఏమయ్యా, గోడ మీద వరి ఊడ్చుకునేన్ని నీళ్లున్న ఊళ్లో చేలకి నీళ్లు లేవంటావేంటి?"

జనం చప్పట్లు కొట్టారు. మంత్రిగారు ఇరిగేషన్ ఇంజనీరుని పిలిచి, ఈ ఊరి వంతు నీళ్లు నిజంగా ఇబ్బంది పడుతున్న ఊరికి మళ్లించమని అక్కడికక్కడే ఆదేశించారు. గణేష్‌బాబు గారిని ఉత్తమ రైతుగా ప్రకటించి, శాలువా కప్పి, చెవిలో ఏదో అన్నారు. గణేష్‌బాబు గారి మొహం వెలిగిపోయింది.

కార్లు వెళ్లాక ముసలయ్య గోడ దగ్గరికి వెళ్లి, కిందివరసలో తన నారు మీద చెయ్యేశాడు. విజయ్ పాల్ నిచ్చెన తెచ్చాడు.

గణేష్‌బాబు గారు ఎంతో ఆప్యాయంగా ముసలయ్య చెయ్యి తీసేసి, విజయ్ పాల్‌ని మోటారు వెయ్యమన్నారు.

"ఆగు ముసలయ్యా. మంత్రిగారు కోతలకి మళ్లీ వస్తానన్నారు."