కట్ చేస్తే క్షేమం

"విమానంలో కిటికీ పక్కన కూసోకు బిడ్డా, అద్దం ఊడితే ఎట్ల?"

మస్కట్‌లో ఒక దవాఖానలో నర్సు పని దొరికిన మా బిడ్డ జమునకు ఇంకా పాస్‌పోర్టు కూడా చేతికి రాకముందే నేను చెప్పిన మాట ఇది. తను అక్కడికి పోయి ఎనిమిది నెలలైంది. అద్దం ఊడలేదు. ఎందుకు ఊడలేదు? నేను ముందే భయపడ్డాను కాబట్టి!

విదేశాలకు పోయేవాళ్లు పైసలు మిగుల్చుకోవాలన్నా, పదిలంగా ఉండాలన్నా నాకు తెలిసిన దారి ఒక్కటే. ఫోన్‌లో మాట్లాడకండి. మిస్డ్ కాల్ ఇచ్చుకోండి. దీన్ని మించిన వరం ఈ కాలంలో ఇంకొకటి రాలేదు.

నేను చదివింది ఏడో తరగతే. అయినా జాగ్రత్తల్లో నాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. జమున పాస్‌పోర్టుకు ఆరు జిరాక్సులు తీయించాను. ఒకటి సూట్‌కేసులో, ఒకటి దిండు గలీబులో, ఒకటి జొన్న రొట్టెల మూటలో. మిగతా మూడూ మా ఇంట్లో వడ్ల గుమ్మిలో. మస్కట్ దొంగ దంతాలపల్లి దాకా వచ్చి, అక్కడి నుంచి మా తండాకు ఆటో మాట్లాడుకుని, గుమ్మిలో చెయ్యి పెడతాడా?

ఇక మా పద్ధతి చెబుతాను. రోజూ సాయంత్రం ఆరింటికి నేను రింగ్ ఇస్తాను. తను కట్ చేయాలి. కట్ చేస్తే క్షేమం. ఎత్తిందంటే ఆపద. ఇంతే! నాకు ఖర్చు లేదు, తనకూ లేదు. ఇంత చవకగా క్షేమ సమాచారం ఇంకెక్కడ దొరుకుతుంది?

మాట్లాడుకునేవాళ్ల గతి చూడండి. తొర్రూరులో బట్టల దుకాణం నడిపే సునంద భర్త దుబాయిలో ఉంటాడు. ప్రతి శుక్రవారం గంటసేపు మాట్లాడతాడు. మోకాలు నొప్పి అంటాడు, గదిలో ఏసీ పనిచేయదంటాడు, కూరలో ఉప్పు లేదంటాడు. పాపం, ఆమెకు వారమంతా అన్నం సయించదు. మా ఇంట్లో అట్లాంటివి లేవు. ఎనిమిది నెలల్లో మా జమునకు ఒక్క నొప్పి కూడా లేదు!

మే నెలలో నాలుగు రోజులు జ్వరంతో పడి ఉందట. ఆ నాలుగు రోజులూ సరిగ్గా ఆరింటికే కట్ చేసింది. సంగతి నెల తర్వాత, తనతో పనిచేసే పిల్ల తల్లి చెబితే నాకు తెలిసింది. అప్పటికి జ్వరం ఎప్పుడో తగ్గిపోయింది. చూశారా, నాలుగు రోజుల దిగులు ఎంత తేలిగ్గా తప్పిందో!

తీజ్ పండుగకు మా తండా ఆడపిల్లలు గోధుమ మొలకల బుట్టల చుట్టూ చేరి పాడుతుంటే, ఫోన్ వాళ్లవైపు ఎత్తి పట్టుకుని రింగ్ ఇచ్చాను. కట్ చేసింది. పండుగ విన్నట్టే లెక్క కదా?

మా ఆయన బీక్యాకు మాత్రం ఇది నచ్చదు. పిల్ల గొంతు విననే వింటలేమని గొణుగుతాడు. గొంతు వింటే ఏమొస్తుంది? జలుబు చేసిందని తెలుస్తుంది. అది మళ్లీ ఒక పరేషాన్. మా తండా భాషలో అమ్మను 'యాడీ' అంటారు. ఆ రెండక్షరాలను మస్కట్ నుంచి తెప్పించుకోవడానికి అంత ఖర్చా?

ఇట్లా సాఫీగా సాగుతుండగా సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులకు తాళాలు పడ్డాయి. భూపాలపల్లిలో బొగ్గు తవ్వడం ఆగింది, మా తండాలో కరెంటు ఆగింది. నా ఫోన్ చచ్చిపోయింది. తెలంగాణ రావాలని నాకూ ఉంది. కానీ ఆరింటి రింగ్ సంగతి ఎవరు చూడాలి?

"రాష్ట్రం వస్తది, కరెంటూ వస్తది, జర ఆగు" అన్నాడు బీక్యా.

తొమ్మిది రోజులు ఆగాను. ఆ తొమ్మిది రోజుల్లో మస్కట్‌కు ఎన్ని ఆపదలు రావచ్చో అన్నీ నా తలలోకి వచ్చిపోయాయి.

పదోనాడు తొర్రూరు రోడ్డు మీద వంటావార్పు. మా తండా అంతా పొయ్యిలు పెట్టడానికి కదిలింది. నేనూ పోయాను. ఉద్యమం మన్నించాలి, నేను పోయింది పొయ్యి కోసం కాదు. మా తండా సేవ్యా తన ట్రాక్టర్ బ్యాటరీతో ఫోన్లు చార్జింగ్ పెడుతున్నాడని తెలిసి పోయాను.

ఫోన్‌కు ప్రాణం వచ్చింది. ఆరు దాకా ఆగలేక, మిట్టమధ్యాహ్నమే రింగ్ ఇచ్చాను. కట్ కాలేదు. చివరిదాకా మోగి, దానంతటదే ఆగింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. నాలుగుసార్లు!

ఐదోసారి ఎత్తింది.

ఎత్తితే ఆపద. ఆ నియమం పెట్టింది నేనే.

"ఏమైంది బిడ్డా? పాస్‌పోర్టు పోయిందా? దవాఖాన నుంచి తీసేసిండ్రా? జ్వరమా?"

అవతల ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు మాత్రం వస్తోంది. బ్యాలెన్స్ కరుగుతోంది, నేను చూడలేదు. ఎనిమిది నెలలుగా మస్కట్ రింగ్ ఎట్లా మోగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ ఊపిరి మాత్రం నా బిడ్డదో కాదో చెప్పలేకపోయాను.

అన్నం గంజి వారుస్తున్న బీక్యా గిన్నె దించి వచ్చి, ఫోన్‌కు అటువైపు చెవి ఆనించాడు. ఇద్దరం ఆ ఊపిరే విన్నాం.

"తొమ్మిది దినాలు నీ ఫోన్ బంద్ ఉండె, యాడీ" అంది చివరికి. "ఇప్పుడు కట్ చేయబుద్ధి కాలె. చేస్తే నువ్వు ఫోన్ పక్కన పెట్టేస్తవ్ గదా."