చేతికి రాసిన మాత్ర

ఆ ఉదయం గంగులు పెట్టుకున్న పని ఒక్కటే. కోడలు భారతి రేవుకు పోగానే ఇంటి దూలం మీదుగా తాడు వెయ్యాలి.

తిత్లీ తుఫాను వెళ్లిన వారానికి అతనికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మూడు నెలల్లో కాలు కర్రసాయంతో దారికొచ్చింది. చెయ్యి రాలేదు. శ్రీకాకుళం డాక్టరు రోజుకొక మాత్ర రాసి, దీంతో చెయ్యి త్వరగా కదలొచ్చన్నాడు. అక్కడే వ్యాయామం నేర్పే అమ్మాయి, దూలం మీదుగా తాడు వేసి, ఒక కొస కుడి మణికట్టుకు తగిలించి, రెండో కొస ఎడమచేత్తో లాగమంది. అలా చేస్తే పడిన చెయ్యి పైకి లేస్తుంది, భుజం బిగుసుకోదు. తాడు కట్టమని కొడుకు జగన్నాధానికి చెప్పి పది రోజులైంది. రేపు కడతానని రోజూ వేటకు పోతున్నాడు.

గంగులుకు కావలసింది కవళ్లు, ముల్లు ఎక్కువుండే చిన్న చేపలు. నలభై ఏళ్లు సముద్రం మీద బతికినవాడు, చేపను తన వేళ్లతో విప్పి ముల్లు తనే ఏరుకుని తిన్నవాడు. ఎడమచేత్తో తిననని మొదటిరోజే తేల్చేశాడు కనుక కోడలు నోట్లో పెట్టాల్సి వచ్చింది. ఆమెకు ముల్లంటే భయం. ముద్దలో పప్పూ చారూ తప్ప చేప రానివ్వదు. భార్య కూర్మమ్మ పోయిన ఈ నాలుగేళ్లలో అతను ఎవరినీ ఏమీ అడగలేదు. ఇప్పుడు నోరు తెరవమని కూడా ఇంకొకరు చెప్పాలి. నా చేత్తో ఒక్క పూట కవళ్ల కూర తింటే చాలు, తరవాత ఏటైతే అదే అవుద్దని ఒకసారి పైకే అన్నాడు. ఆ మాట తర్వాత పనికొచ్చింది. అతనికి కాదు.

ఆ పొద్దునే మాత్రలు అయిపోతే ఖాళీ అట్ట ఇచ్చి, కూర్మమ్మ చెల్లెలు గురమ్మను మందుల షాపుకు పంపాడు. షాపు తిరుమలరావు అట్ట తిప్పి చూసి, ఇది దిగులు మందు, బతుకు మీద ఆశ పోయినవాళ్లకు రాస్తారన్నాడు. అబద్ధం చెప్పలేదు. ఇంకెందుకైనా రాస్తారేమో అతనికి తెలియదు, గురమ్మ అడగనూ లేదు. ఆమె నేరుగా రాకుండా రేవు మీదుగా వచ్చింది. చేపల గంపల దగ్గర భారతి చెవిలో చెప్పింది. గురమ్మ చెవిలో చెబితే పడవల మీదివాళ్లకూ వినిపిస్తుంది.

ఇక్కడ గంగులు ఎడమచేత్తో తాడు విసిరాడు. మొదటి విసురుకే దూలం దాటింది. జబ్బు పడ్డాక అతను సంతోషించింది అప్పుడే. కొస పళ్లతో పట్టుకుని మణికట్టు పట్టేంత ఉచ్చుముడి వేసి, సరిపోయిందో లేదోనని మొహం దగ్గరకు తెచ్చుకుని చూస్తున్నాడు. కిటికీలోంచి గురమ్మ చూసింది అదే.

తలుపుకు గడియ లేదు. అయినా ఆమె కేకకు పరుగెత్తి వచ్చిన నలుగురు మగాళ్లు భుజాలతో గుద్ది దాన్ని విరగ్గొట్టారు. ఒకడు గంగులు నడుం పట్టుకున్నాడు, ఒకడు తాడు కోశాడు.

"ఏటి బావా, ఏటీ పని?" గురమ్మ అతని కాళ్ల దగ్గర కూలబడింది.

"సేతికి," అన్నాడు గంగులు.

"సేతికి తాడేటి? నిజం సెప్పు."

"ఎన్నాళ్లని ఒకల మీద పడి తింతాను? అందుకే ఏసినాను."

అక్కడితో అడగాల్సింది అయిపోయింది. అతను వ్యాయామం అమ్మాయి సంగతి చెప్పబోతే పసివాడికి ఊఁ కొట్టినట్టు అందరూ ఊఁ కొట్టారు. కొడుకైనా చెబుతాడనుకుంటే, వేట నుంచి వచ్చిన జగన్నాధం గోడకు తల ఆనించి ఏడ్చాడు. "పది దినాలబట్టి నన్ను కట్టమంటన్నాడు. నా సేత్తోనే కట్టిద్దామనుకున్నాడు." ఏటైతే అదే అవుద్దన్న మాట భారతికి అప్పుడు గుర్తొచ్చింది.

ఇంట్లోంచి తాళ్లు పోయాయి, వలలు పోయాయి, కత్తిపీట పక్కింటికి పోయింది. మాత్ర ఎవరో ఒకరు చేతిలో పెట్టి, మింగాక నోరు తెరిపించి చూసేవారు. ముల్లు కావాలనే గొంతుకు అడ్డం వేసుకుంటాడేమోనని చేప వండటమే మానేశారు. సముద్రానికి వంద గజాల్లో, జాలరి ఇంట్లో, పదహారు రోజులు గుమ్మడికాయ కూర.

ఓదార్చడానికి ఊరు వచ్చింది. వచ్చినవాళ్లు ముందు కూర్మమ్మను తలుచుకుని తాము ఏడ్చి, తర్వాత అతన్ని ఏడవమనేవాళ్లు. కూర్మమ్మ ఆసుపత్రిలో ఉన్న నెలన్నరా వీళ్లలో ఒక్కరూ అటు తొంగిచూడలేదు. గంగులు ఏడవలేదు. లోపలే కుమిలిపోతున్నాడన్నారు. నిద్రపోతే, ఊపిరుందో లేదోనని తట్టి లేపేవారు.

పదిహేడో రోజు ఆటోలో శ్రీకాకుళం తీసుకుపోయారు. వెంట గురమ్మతో కలిపి ఆరుగురు. డాక్టరు అంతా విని, ఆ మాత్ర దిగులుకు వాడేదే గాని తాను రాసింది చేతి కోసమనీ, తాడు కూడా తమ వ్యాయామం అమ్మాయి చెప్పిందేననీ అన్నాడు. ఆరుగురూ నేల చూశారు. గంగులు ఒక్క నిమిషం నిటారుగా కూర్చున్నాడు.

తర్వాత డాక్టరు అతని కుడిచెయ్యి ఎత్తబోయాడు. ఇన్నాళ్లూ కదపని భుజం కొయ్యబారిపోయింది. చెయ్యి ఛాతీ ఎత్తుకు కూడా రాలేదు.

"ఈ మాత్ర ఆపేద్దాం," అని డాక్టరు చీటీ మీద గీత కొట్టాడు. "విదేశాల్లో వేలమందికి ఇచ్చి చూశారు. చేతులూ కాళ్లూ రావడానికి ఇది పనిచెయ్యట్లేదని ఈమధ్యే తేలింది."

"మరి నా సెయ్యి?"

డాక్టరు కలం మూత పెట్టి తీశాడు. "భుజం సంగతి మళ్లీ మొదటినుంచీ చూద్దాం. తిండికి మాత్రం ఎడమచెయ్యి అలవాటు చేసుకోండి."

నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, మనసెలా ఉందని డాక్టరు అడిగాడు. గంగులు వెంట వచ్చిన ఆరుగురినీ ఒక్కొక్కరినే చూశాడు.

"నిద్ర నేదు. ఆకలి నేదు. ఈళ్లని సూస్తంటే బతకాలని నేదు."

డాక్టరు గీత కొట్టిన మాత్రనే కింద మళ్లీ రాశాడు.

"నాను ఆయేలే సెప్పినాను," అంది గురమ్మ.

మందు అదే, మోతాదూ అదే. ఈసారి దానికి తగ్గ జబ్బు కుదిరింది.